మైకుసెట్టు మామ లెక్క

కీసరలో ఒక మైకుసెట్టు మామ ఉండేవాడు. ఆయన మేనమామ అయ్యేది నాచారంలో ఉన్న అక్క పిల్లలిద్దరికే, కానీ ఊరంతా మామా అనే పిలిచేది. శివుడి గుడి ఉన్న గుట్టకు పోయే తోవలో ఆయనకొక మడిగె ఉంది. గోడకు వేలాడే హార్న్‌లు, మూలకు చుట్టలు పెట్టిన వైరు, బల్ల మీద వేడి చల్లారని సోల్డరింగ్ ఐరన్. పెళ్లయినా, బోనాలైనా, ఎలక్షన్ మీటింగైనా ఆయన ఆంప్లిఫయర్ ఆటో ఎక్కాల్సిందే.

ఆయన పని నేర్చుకున్నది ఈసీఐఎల్ చౌరస్తాలో, టీవీలు బాగుచేసే ఒక చిన్న షాపులో. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఇక్కడ మొదలైంది 1967లో. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే ఇప్పటి ఏ.ఎస్.రావు నగర్. ఆ సంస్థ తయారుచేసిన ఈసీ టీవీల వెనక అట్ట విప్పి, ఏ పాయింటు దగ్గర ఎన్ని వోల్టులు రావాలో మీటరు పెట్టి చూసి నేర్చుకున్న తరం మామది. ఉప్పల్, నాచారం, కుషాయిగూడ మనుషులకు ఎలక్ట్రానిక్స్ పరాయి విద్య కాదు. ఈ కథలో కొన్ని లెక్కలు వస్తాయి, వాటికి ఎవరూ జంకవద్దని ముందే చెబుతున్నాను.

అక్క కొడుక్కి రాయదుర్గంలో ఉద్యోగం. పొద్దున హబ్సిగూడలో మెట్రో ఎక్కితే సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. పాత పాటలంటే ప్రాణం. బాలమురళీకృష్ణ గారి కచేరీలు, ఘంటసాల గారి పద్యాలు ఎక్కడ దొరికినా దాచుకునేవాడు. జీతం పెరిగిన నెలలో తనకోసం ఒక మంచి హెడ్‌ఫోన్ కొనుక్కున్నాడు. జర్మనీకి చెందిన సెన్‌హైజర్ కంపెనీ 2003లో తెచ్చిన హెచ్‌డి 650. పెట్టె మీద 300 ఓమ్‌లు అని రాసి ఉంది. ఆ అంకె తనతో ఏదో చెబుతోందని అతనికి తోచలేదు.

ఆ రాత్రి ఫోనుకు చిన్న అడాప్టర్ తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక పాత కచేరీ పెట్టాడు. పాట ఎక్కడో పక్కింటి నుంచి వస్తున్నట్టుంది. వాల్యూమ్ చివరిదాకా పెంచాడు. మృదంగం దెబ్బలో బరువు లేదు, తంబురా దాదాపు వినిపించనే లేదు. ఇన్ని వేలు పోసి కొన్నది ఇదా అని మనసు చివుక్కుమంది. నకిలీ సరుకేమోనని పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఆఫీసులో స్నేహితుడు చెప్పాడు: "దానికి ఆంప్లిఫయర్ కావాలి." మాట నిజమే. కానీ ఎలాంటిది కావాలో అతను చెప్పలేదు, ఇతను అడగలేదు. ఆదివారం కోఠి వెళ్లి, గుజరాతీ గల్లీలో షాపు షాపూ తిరిగి, అన్నిటికన్నా పవర్ ఎక్కువున్నది ఇమ్మన్నాడు. అడిగిందే ఇచ్చారు. 32 ఓమ్‌ల దగ్గర 2 వాట్లు ఇచ్చే పెట్టె. ఇంటికి తెచ్చి తగిలిస్తే హెడ్‌ఫోన్ గొంతు విప్పింది. తంబురా వినిపించింది, మృదంగం గుండెకు తగిలింది. రెండు రోజులు నిద్రపోలేదు. పవర్ ఉంటే చాలు, అన్నీ పాడతాయి అని అతని మనసులో ఒక నమ్మకం పాతుకుంది.

అతని చెల్లెలు ఉప్పల్‌లో కాలేజీకి వెళ్తుంది. ఆమె దగ్గర చెవిలో దూర్చుకునే చిన్న ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి. లోపల శబ్దం పుట్టించే డ్రైవర్లు ఒకటికి రెండు మూడు ఉన్న రకం, 16 ఓమ్‌లు. "అన్నా, నాది కూడా ఒకసారి దాంట్ల పెట్టి ఇనిపియ్యవా?" అంది. పెట్టాడు. పాట మొదలుకాకముందే చెవిలో సుయ్‌మని చప్పుడు. పాట పెట్టి నాబ్ వెంట్రుకవాసి కదిలిస్తే ఎడమ చెవిలోనే వినిపించింది. ఇంకో వెంట్రుకవాసి కదపగానే రెండు చెవుల్లోనూ పాట పిడుగులా పడింది. ఆ పిల్ల ఇయర్‌ఫోన్స్ పీకి పారేసింది. రాత్రిదాకా చెవులు గుయ్‌మంటూనే ఉన్నాయి. "చవక సరుకు, మంచి ఆంప్లిఫయర్‌కు ఆగలేదు" అని అన్న తీర్పు చెప్పాడు.

వాళ్లింట్లో అటక మీద ఒక పాత స్టీరియో సెట్టు ఉంది. ఎప్పుడో మామ ఇచ్చింది. చెల్లెలు దాన్ని దింపి, దుమ్ము దులిపి, తన ఇయర్‌ఫోన్స్ దాని సాకెట్‌లో పెట్టి చూసింది. సుయ్ లేదు. కానీ పాడేవాళ్ల గొంతు గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. కొన్ని స్వరాలు పైకి తేలి, కొన్ని మునిగిపోయి, మొత్తం డబ్బాలోంచి వస్తున్నట్టుంది. అన్న మళ్లీ తీర్పు చెప్పాడు: "ఆ పాత డొక్కు అమ్మెయ్యి."

ఇంతలో అతని చేతికి ఇంకో హెడ్‌ఫోన్ వచ్చింది. ఒక సహోద్యోగి వాడి అమ్మిన హైఫైమాన్ హెచ్‌ఈ-6. ఇందులో మామూలు కాయిల్ ఉండదు. చాలా పలుచని పొర మీద తీగలా గీసిన లోహపు పట్టీలో కరెంటు పారుతుంది, అయస్కాంతాల మధ్య ఆ పొర మొత్తం కంపిస్తుంది. ప్లానార్ అంటారు. దీనిమీద 50 ఓమ్‌లు అని ఉంది. ఈసారి అంకె చూశాడు, సంతోషపడ్డాడు. మూడు వందల దానికే పెద్ద పెట్టె కావాల్సి వచ్చింది, యాభైదానికి ఫోన్ చాలు అనుకున్నాడు. ఫోనుకు తగిలిస్తే మొదటి రాత్రి కన్నా ఘోరం. గొంతు పెగలలేదు.

మూడు హెడ్‌ఫోన్లు, మూడు పెట్టెలు, ఇంట్లో పేరుకున్న విసుగు. వీటన్నిటినీ ఒక సంచిలో వేసుకుని, శివరాత్రికి ముందు రోజు మల్లాపూర్, ఈసీఐఎల్, నాగారం మీదుగా కీసర బయల్దేరాడు.

శివరాత్రి జాతర పనిలో మామకు తల ఎత్తే తీరిక లేదు. మడిగె ముందు నాలుగు హార్న్ యూనిట్లు వరసగా పెట్టి ఒక కుర్రాడు వైర్లు కలుపుతున్నాడు. మామ దగ్గరికి వచ్చి ఆపేశాడు.

"ఒక్కొక్కటి ఎన్ని ఓమ్‌లురా?"

"పదహారు మామా."

"నాలుగిట్ల పక్కపక్కన కలిపితే?"

కుర్రాడు తల గోక్కున్నాడు.

"నాలుగైతది. మన ఆంప్లిఫయర్ మీద ఎంత రాసి ఉంది? ఎనిమిది. నాలుగు పెడితే రెండింతల కరెంటు గుంజుతయ్. గంటసేపు పాడుతది, తర్వాత ట్రాన్సిస్టర్లు కాలుతయ్. జాతర నడిమిట్ల దేవుని పాట ఆగితే నన్ను తిడ్తరు, నిన్ను గాదు."

అల్లుడు అక్కడే నిలబడి వింటున్నాడు. మామ అప్పుడు చూశాడు.

"ఏందిరా అల్లుడా, మొఖం గట్ల వెట్టినవ్?"

"మామా, పైసలన్నీ దండుగైనయ్."

సంచి విప్పి వరసగా చెప్పాడు. మామ అన్నీ విన్నాడు. సానుభూతి చూపలేదు, నవ్వలేదు కూడా. "ఈ పెట్టెలల్ల ఏది మంచిది, ఏది చెడ్డది?" అని అల్లుడు అడిగితే, "పైకి పోయొద్దాం పా, వైరు గుంజేది ఉన్నది" అన్నాడు.

గుట్ట మీదికి లైను పొడవు. మడిగెలో వాడిన 8 ఓమ్‌ల పద్ధతి అక్కడ పనికిరాదు. 100 వాట్లు 8 ఓమ్‌లకు పంపాలంటే దాదాపు 28 వోల్టులు, మూడున్నర ఆంపియర్లు. అంత కరెంటు పొడుగు వైరులో పోతే సగం వైరే తినేస్తుంది. అందుకని ఆంప్లిఫయర్ వెనక 100 వోల్టుల లైను అనే పాయింటు నుంచి పంపి, అక్కడ ప్రతి హార్న్ దగ్గరా ఒక లైన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి మళ్లీ దించుకుంటారు. అదే 100 వాట్లకు ఒక్క ఆంపియర్ చాలు. వైరులో నష్టం పన్నెండు రెట్లు తగ్గుతుంది. మైకుసెట్టువాళ్లు దీన్ని పుస్తకంలో చదవరు, ఏటేటా జాతరలో చేస్తారు. హెడ్‌ఫోన్ల గురించి పెద్ద పెద్ద చర్చలు చేసే చాలామందికి తెలియని సంగతి ఈ మనుషుల చేతుల్లో ఉందని నేను నమ్ముతాను.

పని అయ్యాక ఇద్దరూ ఒక బండ మీద కూర్చున్నారు. చుట్టూ గుట్ట మీద ఎక్కడబడితే అక్కడ శివలింగాలు.

"ఈ లింగాలు ఇట్లెందుకున్నయో ఎరికేనా?" అన్నాడు మామ.

ఎరికే. ఆ కథ కీసరలో పుట్టిన వాళ్లకూ, కీసరకు వచ్చిపోయే వాళ్లకూ అందరికీ ఎరికే. రాముడు ఇక్కడ శివుణ్ణి ప్రతిష్ఠించాలనుకుని కాశీ నుంచి లింగం తెమ్మని హనుమంతుణ్ణి పంపాడు. హనుమంతుడు నూటొక్క లింగాలు తెచ్చాడు. ఆయన వచ్చేసరికి ముహూర్తం దాటుతోందని శివుడే ప్రత్యక్షమై లింగం ఇచ్చాడు, ప్రతిష్ఠ అయిపోయింది. హనుమంతుడు నొచ్చుకుని తెచ్చిన వాటిని గుట్టంతా విసిరేశాడు. రాముడు ఓదార్చి, ఈ కొండకు కేసరి కొడుకు పేరు నిలిచేలా వరమిచ్చాడు. కేసరిగిరి కీసర అయింది.

"హనుమయ్య బలం తక్కువదా? భక్తి తక్కువదా? అడిగింది ఒక్కటి. నూటొక్కటి తెచ్చిండు. ఇగ చూడు, విసిరేసిన లింగాలల్ల ఏదన్నా చెడ్డదా? ఒక్కటి గూడ లేదు. యాడ పడ్డది ఆడ పూజ అందుకుంటున్నది. నీ సంచిల ఉన్నయి గూడ గంతే."

అల్లుడికి సగం అర్థమైంది. మిగతా సగం మడిగెకు వచ్చాక క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో తేలింది. మామ అడుగుతుంటే అల్లుడు ఫోనులో చూసి ఒక్కొక్క హెడ్‌ఫోన్ వివరం చదివాడు. ఆ లెక్కను ఇక్కడ కొంచెం విడమరచి చెబుతాను, కథకు ప్రాణం అందులోనే ఉంది.

హెచ్‌డి 650కి ఒక వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్ శబ్దం వస్తుంది. సంగీతంలో సగటు శబ్దం ఎప్పుడూ మెల్లగానే ఉంటుంది, మృదంగం దెబ్బలాంటి శిఖరాలు దానికన్నా పదిహేను, ఇరవై డెసిబెల్స్ పైకి ఎగుస్తాయి. ఆ శిఖరాలు విరిగిపోకుండా 110 దాకా చోటు ఉంచుకోవాలి. అంత గట్టిగా వినమని అర్థం కాదు. ఆ 110కి ఈ హెడ్‌ఫోన్ అడిగేది 2.24 వోల్టులు. కరెంటు ఏడున్నర మిల్లీ ఆంపియర్లు, పవర్ 17 మిల్లీవాట్లు. అంటే పెద్ద పవర్ అక్కర్లేదు, వోల్టేజి కావాలి. ఒక వోల్టు దగ్గరే ఆగిపోయే ఫోన్ అడాప్టర్ ఇందుకే తేలిపోయింది. మెల్లగా రికార్డయిన పాత కచేరీ కావడంతో లోటు ఇంకా తెలిసింది.

హెచ్‌ఈ-6 సంగతి వేరు. దానికి ఒక మిల్లీవాటు ఇస్తే వచ్చేది 83.5 డెసిబెల్సే. శబ్దం 10 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ పదింతలు కావాలి. కాబట్టి 110కి చేరాలంటే దాదాపు 450 మిల్లీవాట్లు. వోల్టులు 4.7, కరెంటు 95 మిల్లీ ఆంపియర్లు. ఓమ్‌లు ఆరో వంతు ఉన్నా ఆకలి ఇరవై ఆరు రెట్లు. ఓమ్‌ల అంకె ఒక్కటే చూసి సులభం, కష్టం అని చెప్పకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

"మన చెల్కల బోరు మోటరు యాదికి తెచ్చుకో" అన్నాడు మామ. "బోరు లోతున్నదనుకో, నీళ్లు పైకెక్కాలె, హెడ్డు ఎక్కువున్న మోటరు కావాలె. నీళ్లు పైననే ఉండి మడి పెద్దదైతే, డిశ్చార్జి ఎక్కువున్న మోటరు కావాలె. హార్స్‌పవర్ ఒక్కటే అడిగి కొన్నోడు ఎండిపోతడు. నీ మూడు వందల ఓమ్‌ల దానికి హెడ్డు కావాలె. నీ యాభైదానికి రెండూ కావాలె."

హెడ్డు అంటే వోల్టేజి, డిశ్చార్జి అంటే కరెంటు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పాఠం ఇంత సరిగా, ఇన్ని తక్కువ మాటల్లో చెప్పడం నాకు చేతకాదు.

ఇక చెల్లెలి ఇయర్‌ఫోన్స్. ఒక మిల్లీవాటుకు 110 డెసిబెల్స్. హాయిగా వినే 80 డెసిబెల్స్‌కు కావలసింది మిల్లీవాటులో వెయ్యో వంతు. వోల్టుల్లో చెప్పాలంటే 4 మిల్లీవోల్టులు. అన్న దానికి తగిలించిన పెట్టె 2 వాట్లది, అవసరానికి ఇరవై లక్షల రెట్లు. వెంట్రుకవాసి నాబ్ తిప్పితే పిడుగు పడకేం చేస్తుంది? ప్రతి ఆంప్లిఫయర్‌లోనూ లోపల కొద్దిపాటి రొద పుడుతుంది. గెయిన్, అంటే వచ్చిన సిగ్నల్‌ను ఎన్నింతలు పెంచాలన్నది, ఎక్కువ పెడితే ఆ రొద కూడా పెరుగుతుంది. 40 మైక్రోవోల్టుల రొద ఉందనుకుంటే, పెద్ద హెడ్‌ఫోన్‌లో అది 15 డెసిబెల్స్, చెవికి ఆనదు. ఈ చిన్నదాంట్లో 40 డెసిబెల్స్, చక్కగా వినిపిస్తుంది. ఆమె విన్న సుయ్ అదే. ఇయర్‌ఫోన్స్‌లో లోపమేమీ లేదు.

"మరి అటక మీది స్టీరియోల సుయ్ లేదు గదా, గొంతెందుకు మారింది?" అల్లుడు అడిగాడు. ఈసారి అతని గొంతులో ఫిర్యాదు లేదు, తెలుసుకోవాలన్న తపన ఉంది.

మామ స్టీరియో మూత విప్పి చూపించాడు. ఆ కాలపు సెట్లలో హెడ్‌ఫోన్‌కు వేరే ఆంప్లిఫయర్ పెట్టేవారు కాదు. స్పీకర్‌కు పోయే లైనులోంచే ఒక పెద్ద రెసిస్టర్ గుండా సాకెట్‌కు ఇచ్చేవారు. ఇందులో ఉన్నది 330 ఓమ్‌లు. ఇది రొదను కూడా తొక్కేస్తుంది కాబట్టి సుయ్ పోయింది. కానీ చెల్లెలి ఇయర్‌ఫోన్స్ 16 ఓమ్‌లన్నది పేరుకే. లోపల రెండు మూడు డ్రైవర్లు ఉండటం వల్ల ఒక స్వరం దగ్గర 5 ఓమ్‌లు, ఇంకో స్వరం దగ్గర 40 ఓమ్‌లు ఉంటాయి. ముందు 330 ఓమ్‌లు అడ్డం ఉంటే, 40 ఓమ్‌లున్న చోటికీ 5 ఓమ్‌లున్న చోటికీ అందే వోల్టేజిలో 17 డెసిబెల్స్ తేడా వస్తుంది. గొంతు గుర్తుపట్టలేకపోవడం వింతేమీ కాదు. అదే ఇయర్‌ఫోన్స్‌ను లోపలి ఓమ్‌లు ఒకటికి మించని ఫోన్ అడాప్టర్‌కు పెడితే ఆ తేడా ఒకటిన్నర డెసిబెల్స్ లోపే.

మామ అప్పుడు ఒక పని చేశాడు. హెచ్‌డి 650ని తీసి, అమ్మేయమన్న ఆ పాత స్టీరియోకే తగిలించి అల్లుడి తలకు పెట్టాడు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 330 అడ్డం వస్తే సగం వోల్టేజి పోతుంది, కానీ ఆ స్టీరియో దగ్గర వోల్టేజికి కొదవ లేదు. ఈ హెడ్‌ఫోన్ బేస్ దగ్గర సుమారు 500 ఓమ్‌లకు చేరుతుంది కాబట్టి ఆ చోట రెండు డెసిబెల్స్ ఎక్కువ వస్తాయి. మృదంగానికి ఇంకాస్త ఒళ్లు వచ్చింది. ఆ కొద్దిపాటి రంగు అల్లుడికి నచ్చింది. ఉన్నదున్నట్టు వినాలనుకునేవాళ్లకు నచ్చకపోవచ్చు, అది అభిరుచి సంగతి.

పెద్ద పెట్టెను హెచ్‌ఈ-6కు కలిపారు. అది ఇన్నాళ్లూ ఆకలితో ఉన్నట్టు పాడింది. చెల్లెలి ఇయర్‌ఫోన్స్ సంచిలోంచి తీసి, అందరూ పనికిరాదనుకున్న చిన్న ఫోన్ అడాప్టర్‌కు కలిపారు. సుయ్ లేదు, గొంతు మారలేదు. మామ ఆమెకు ఫోన్ చేసి, "బిడ్డా, నీది మంచి సరుకే, నీ అన్న మాట పట్టించుకోకు" అన్నాడు.

కొత్తగా కొనాల్సిందేమీ లేదు, ఇంటి నుంచి తెచ్చిన సంచిలో పారేయాల్సింది అసలే లేదు. జోడీలు మార్చారు, అంతే.

నీతి: పుచ్చుకునేది ఏమి అడుగుతోందో తెలుసుకున్నాకే ఇచ్చేదాన్ని వెతకాలి. దాని పాలు దానికి ఇవ్వకముందే ఏ వస్తువునూ, ఏ మనిషినీ చెడ్డదని తీర్పు చెప్పకూడదు.

ఈ నీతిలో రెండో మాట నాకు ముఖ్యం. అల్లుడు చేసిన తప్పుల్లో పెద్దది డబ్బు ఖర్చు పెట్టడం కాదు. మూడుసార్లు మూడు వస్తువుల మీద తీర్పులు చెప్పాడు, మూడూ తప్పే. ఇంటిదగ్గర, బడిలో మనం పిల్లలతో చేసేది కూడా చాలాసార్లు ఇదే. మెల్లగా చెబితే వినే పిల్లాడి మీద గట్టిగా అరిచి, బెదిరిపోతే మొద్దు అంటాం. ఎదురుగా కూర్చుని ఓపికగా గంటసేపు చెప్పాల్సిన పిల్లకు రెండు మాటలు విసిరి, శ్రద్ధ లేదంటాం. ఒకే గొంతు, ఒకే మోతాదు అందరికీ సరిపోవాలనుకోవడం చదువు చెప్పేవాళ్ల సోమరితనం. ఈ మాట కటువుగా ఉందని తెలిసే అంటున్నాను.

హెడ్‌ఫోన్ల దగ్గర ఆ సోమరితనం వల్ల చెవులే పోతాయి. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగిన సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు. మెట్రోలో బండి రొద మీదికి పాట తేవడానికి వాల్యూమ్ పెంచుకుంటూ పోయే మనకు ఈ లెక్క గోడ మీద రాసి పెట్టుకోదగ్గది. అవసరానికి ఇరవై లక్షల రెట్లు పవర్ ఉన్న పెట్టెను చెవికి అంగుళం దూరంలోని వస్తువుకు కలపడం సరదా కాదు. పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇంకొక సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. 32 ఓమ్‌ల మామూలు హెడ్‌ఫోన్ వాడేవాళ్లలో చాలామందికి ఆంప్లిఫయరే అక్కర్లేదు. ఫోన్ అడాప్టర్ ఇచ్చే ఒక వోల్టు వాటికి 31 మిల్లీవాట్లు అవుతుంది, అది ధారాళం. ఆ డబ్బుతో కచేరీ టికెట్టు కొనుక్కోవచ్చు.

కొనక తప్పనివాళ్లు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లాలి: హెడ్‌ఫోన్ ఓమ్‌లు, దాని సెన్సిటివిటీ, ఆ ఓమ్‌ల దగ్గర ఆంప్లిఫయర్ ఇచ్చే వోల్టేజి, ఆంప్లిఫయర్ లోపలి ఓమ్‌లు. సెన్సిటివిటీని, అంటే ఇంత ఇస్తే ఇన్ని డెసిబెల్స్ వస్తాయన్న అంకెను, కొందరు మిల్లీవాటుకు చెబుతారు, కొందరు వోల్టుకు చెబుతారు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఆ రెండింటికీ 15 డెసిబెల్స్ తేడా, కలిపి చదివితే మోసపోతాం. పెట్టె మీది వాట్లు ఏ ఓమ్‌ల దగ్గరో చూడాలి. 32 దగ్గర 2 వాట్లంటే 8 వోల్టులు, అవే 8 వోల్టులు 300 దగ్గర 213 మిల్లీవాట్లే అవుతాయి. లోపలి ఓమ్‌లు హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు దాటకుండా ఉంటే మంచిది, అంటే 32 దానికి 4 లోపు. గెయిన్ స్విచ్ ఉంటే తక్కువలో పెట్టి, నాబ్ సున్నా నుంచి మొదలుపెట్టాలి. సొంత హెడ్‌ఫోన్ వెంట తీసుకుపోయి, పాట పెట్టకముందే ఒకసారి చెవికి పెట్టుకోవాలి. అప్పుడే సుయ్‌మంటే ఆ పెట్టె ఆ హెడ్‌ఫోన్‌కు జోడీ కాదు, దాన్ని అక్కడే వదిలి పక్క షాపుకు నడవాలి.